స్క్రీన్‌షాట్: పంపడానికి ఒక కీ, దాచుకోవడానికి ఒక కీ

విండోస్ కంప్యూటర్‌లో తెర మీద ఉన్నదాన్ని బొమ్మగా పట్టుకోవడానికి అరడజను దారులున్నాయి. మ్యాక్‌లో మరికొన్ని. ఇన్ని ఉన్నా మన ఆఫీసుల్లో, ఇళ్ళలో తరచూ కనిపించేది ఫోను తీసి మానిటర్‌కు ఎదురుగా పట్టుకుని ఫొటో తీసే పద్ధతే. ఆ ఫొటోలో ట్యూబులైటు వెలుగు పడుతుంది, తెర మీద అలల్లాంటి చారలు వస్తాయి, దరఖాస్తు సంఖ్యలో ఉన్నది 3 అంకెనో 8 అంకెనో అవతలివారికి అంతుపట్టదు. "స్పష్టంగా ఉన్నది పంపండి" అని జవాబు వచ్చేసరికి ఇక్కడ ఆ పేజీ మూసేసి ఉంటారు.

కీలు ఎవరూ చెప్పక ఇలా జరుగుతోందని అనుకోను. పది కీలు ఒక్కసారిగా చెప్పి, ఏది ఎప్పుడు వాడాలో చెప్పకుండా వదిలేయడం వల్ల జరుగుతోంది. పది గుర్తుంచుకోవాల్సిన అవసరం ఎవరికీ లేదు. రెండు చాలు, అవి సరైన రెండు కావాలి.

ఎంచుకునే ముందు వేసుకోవాల్సిన ప్రశ్న ఒక్కటే: ఈ బొమ్మ దేనికి? ఇప్పుడే ఎవరికో పంపడానికైతే అందులో అవసరమైనంత భాగమే ఉండాలి, అది ఫైలుగా మిగిలినా మిగలకపోయినా పట్టింపు లేదు. రేపు ఆధారంగా చూపించడానికైతే తెర మొత్తం రావాలి, మూలన ఉన్న గడియారంతో సహా. ఫైలుగా తప్పకుండా మిగలాలి. ఈ రెండు అవసరాలకూ ఒకదానితో ఒకటి పొసగదు. రెండింటికీ ఒకే కీ వాడేవారికి ఎప్పుడో ఒకప్పుడు ఇబ్బంది తప్పదు.

విండోస్‌లో పంపడానికి

విండోస్ కీ, షిఫ్ట్ కలిపి పట్టుకుని ఎస్ నొక్కండి. తెర కొంచెం మసకబారుతుంది, పైన చిన్న పట్టీ కనిపిస్తుంది, మౌస్ గుర్తు కూడిక గుర్తులా మారుతుంది. కావలసిన భాగం ఒక మూల నుంచి ఎదుటి మూల దాకా లాగి వదిలితే చాలు. ఆ ముక్క క్లిప్‌బోర్డ్‌లోకి, అంటే కాపీ చేసింది పేస్ట్ చేసేదాకా ఉండే తాత్కాలిక చోటులోకి వెళ్ళింది. వాట్సాప్ వెబ్‌లోనో, జీమెయిల్‌లోనో, వర్డ్ ఫైల్లోనో కంట్రోల్, వి నొక్కితే అక్కడ వాలుతుంది. ఫైలు వెతకడం, జతచేయడం ఏదీ లేదు.

2017లో వచ్చిన విండోస్ 10 అప్‌డేట్‌తో ఈ కలయిక విండోస్‌లో భాగమైంది. పంపే పనికి దీన్ని మించింది లేదని నా నిశ్చితాభిప్రాయం. ముఖ్యమైన కారణం వేగం కూడా కాదు. ఏది చూపాలి, ఏది చూపకూడదు అన్న నిర్ణయం తీసే క్షణంలోనే జరిగిపోవడం. తెర మొత్తం తీసి తర్వాత కత్తిరిద్దామనుకునేవారు తొందరలో కత్తిరించడం మరిచి, పక్క ట్యాబ్‌లో తెరిచి ఉన్న బ్యాంకు పేజీ పేరుతో సహా పంపేస్తారు.

ఇక్కడ విండోస్ 10కీ 11కీ ఒక తేడా ఉంది, అది చాలామందికి తెలియదు. 11లో ఇలా తీసిన ముక్క క్లిప్‌బోర్డ్‌తో పాటు పిక్చర్స్ ఫోల్డర్ లోపలి స్క్రీన్‌షాట్స్ ఫోల్డర్‌లో కూడా దానంతట అదే సేవ్ అవుతుంది, తేదీ సమయాలే పేరుగా. 10లో అలా జరగదు. మూలన వచ్చే నోటిఫికేషన్‌ను నొక్కి మనమే సేవ్ చేయాలి. చేయకుండా ఇంకేదైనా కాపీ చేశామా, పాత ముక్క పోయినట్టే. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసినా ఆ కంప్యూటర్లు ఇంకా చాలాచోట్ల నడుస్తున్నాయి కాబట్టి ఈ మాట చెప్పాల్సి వస్తోంది.

పోయిందనుకున్నది తిరిగి దొరికే అవకాశం ఒకటుంది. విండోస్ కీతో వి నొక్కితే క్లిప్‌బోర్డ్ చరిత్ర తెరుచుకుంటుంది. ఈమధ్య కాపీ చేసిన 25 అంశాల దాకా అందులో ఉంటాయి. కాకపోతే దాన్ని ముందే ఒకసారి ఆన్ చేసి ఉండాలి. కంప్యూటర్ రీస్టార్ట్ చేస్తే, పిన్ చేసినవి తప్ప మిగతావన్నీ చెరిగిపోతాయి. ఇంట్లో ఒక్కరే వాడే కంప్యూటర్‌లో ఇది ఈరోజే ఆన్ చేసుకోవడం మంచిది. నలుగురు వాడే కంప్యూటర్‌లో, ముఖ్యంగా ఇంటర్నెట్ సెంటర్‌లో వద్దు. మీరు కాపీ చేసిన పాస్‌వర్డ్ కూడా ఆ చరిత్రలో కూర్చుంటుంది.

పాత ప్రింట్ స్క్రీన్ కీ సంగతేమిటి? 1981 నాటి ఐబీఎం పీసీ మీద షిఫ్ట్‌తో కలిపి ఆ కీ నొక్కితే తెర మీది అక్షరాలు నిజంగానే ప్రింటర్‌లోకి వెళ్ళేవి, పేరు అలా వచ్చింది. విండోస్ వచ్చాక అది తెర మొత్తాన్ని క్లిప్‌బోర్డ్‌లోకి పంపే కీ అయింది. నొక్కినట్టు ఏ గుర్తూ కనిపించదు, శబ్దం రాదు, ఫైలు పుట్టదు. పెయింట్ తెరిచి పేస్ట్ చేస్తేనే తెలుస్తుంది. విండోస్ 11 కొత్త రూపాల్లో ఇదే కీ నేరుగా పైన చెప్పిన కత్తిరింపు పట్టీని తెరుస్తుంది. సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ, అందులో కీబోర్డ్ విభాగానికి వెళితే ఏది కావాలో ఎంచుకోవచ్చు. పట్టీ తెరిచేలా ఉంచుకోవడమే మేలు, మూడు కీల పని ఒక్క కీతో అవుతుంది.

ఆల్ట్ పట్టుకుని ప్రింట్ స్క్రీన్ నొక్కడం అనే పాత పద్ధతికి మాత్రం దక్కాల్సిన గౌరవం దక్కలేదు. అది ఆ క్షణాన మనం పనిచేస్తున్న ఒక్క విండోను మాత్రమే క్లిప్‌బోర్డ్‌కు తీసుకుంటుంది. రెండు మానిటర్లు ఉన్నచోట దీని విలువ తెలుస్తుంది. మామూలు ప్రింట్ స్క్రీన్ రెండు తెరలనూ కలిపి పొడవాటి పటంలా తెస్తుంటే, ఇది కావలసిన కిటికీని మాత్రమే తెచ్చి ఇస్తుంది. కొత్తగా చేరిన ఉద్యోగికి ట్యాలీలో ఎంట్రీ ఎలా వేయాలో పది మెట్లలో చూపించాలనుకోండి. చేత్తో లాగి తీసిన ముక్కలు ఒక్కోటి ఒక్కో కొలతలో వస్తాయి. ఆల్ట్‌తో తీస్తే, విండో కొలత మార్చనంతవరకు అన్నీ ఒకే కొలతలో వస్తాయి, వర్డ్ ఫైల్లో వరుసగా పేరుస్తే చూడటానికి పొందికగా ఉంటుంది.

దాచుకోవడానికి

ఆధారంగా దాచుకోవాల్సినప్పుడు విండోస్ కీ పట్టుకుని ప్రింట్ స్క్రీన్ నొక్కండి. తెర ఒక్క క్షణం మసకబారి మామూలవుతుంది. అంటే ఫైలు పిక్చర్స్‌లోని స్క్రీన్‌షాట్స్ ఫోల్డర్‌లో చేరిపోయిందని అర్థం. విండోస్ 8 నుంచి ఈ సదుపాయం ఉంది. ఏ పట్టీ తెరవదు, ఏమీ అడగదు, ఎంచుకోమనదు. కంగారులో ఉన్న మనిషికి ఇదే కావాలి.

ఎందుకంటే ఆధారం అవసరమయ్యే సమయాలు సాధారణంగా కంగారు సమయాలే. పరీక్ష ఫీజు కడుతున్నారు. ఖాతాలోంచి డబ్బు కట్ అయినట్టు బ్యాంకు ఎస్సెమ్మెస్ వచ్చింది, పేజీ మీద మాత్రం "లావాదేవీ విఫలమైంది" అని ఉంది. గడువు ఈ రాత్రితో ముగుస్తుంది. అప్పుడు చాలామంది చేసే పని ఆ ఎర్ర అక్షరాల వరకు మాత్రమే కత్తిరించి తీసుకోవడం. నాలుగు రోజుల తర్వాత ఫిర్యాదు చేయబోతే ఆ ముక్క దేనికీ కొరగాదు. ఏ వెబ్‌సైట్, ఏ తేదీ, ఎన్ని గంటలకు, ఎవరి దరఖాస్తు అన్నవి అందులో ఏవీ ఉండవు. ఎవరైనా ఎక్కడైనా తీయగలిగే ఎర్ర అక్షరాలు అవి.

తెర మొత్తం తీస్తే పైన చిరునామా పట్టీలో సైటు పేరు వస్తుంది, కింద కుడి మూలన సమయం, తేదీ వస్తాయి, మధ్యలో లావాదేవీ సంఖ్య వస్తుంది. తీసే ముందు రెండు చూసుకోండి. బ్రౌజర్ ఎఫ్11 మోడ్‌లో ఉంటే చిరునామా పట్టీ, టాస్క్‌బార్ రెండూ దాగి ఉంటాయి, మళ్ళీ ఎఫ్11 నొక్కి బయటికి రండి. లావాదేవీ సంఖ్య పేజీ కింది భాగంలో ఉంటే అక్కడికి జరిపి మరో స్క్రీన్‌షాట్ తీయండి. వెనక్కి వెళ్ళే బాణం, రిఫ్రెష్ బటన్ ఇవన్నీ ఆ తర్వాతే. పేజీ ఒకసారి మారిందంటే ఆ సందేశం మళ్ళీ కనిపిస్తుందన్న హామీ లేదు.

ఇలా దాచిన ఫైలు మీద గీతలు గీయకండి, కత్తిరించకండి. బాణం గుర్తు పెట్టాలన్నా, సున్నా చుట్టాలన్నా ముందు ఒక కాపీ తీసి ఆ కాపీ మీద చేయండి. అసలు ఫైలు అసలుగానే ఉండాలి. పేరు కూడా ఆ రోజే మార్చుకుంటే మంచిది: "ఫీజు విఫలం, జూన్ 12, మొదటిది" అన్నట్టు. వరుస సంఖ్యలతో పేరుకుపోయిన రెండు వందల ఫైళ్ళలో ఆరు నెలల తర్వాత వెతుక్కోవడం ఎవరి వల్లా కాదు.

ఆన్‌లైన్ మోసం జరిగితే ఈ క్రమశిక్షణ ఇంకా ముఖ్యం. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసినా, జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టినా, లావాదేవీ సంఖ్య, సమయం, అవతలివాడి చిరునామా కనిపించే ఆధారాలే పనికొస్తాయి. ముందు ఫోన్ చేయండి, తర్వాత బొమ్మలు తీయండి, ఏ చాట్‌నూ చెరపకండి. కోర్టు దాకా వెళ్ళే విషయమైతే స్క్రీన్‌షాట్ ఒక్కటే సరిపోదని కూడా తెలిసి ఉండాలి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమంలోని 63వ సెక్షన్ ఎలక్ట్రానిక్ రికార్డుతో పాటు ఒక ధ్రువపత్రం జతచేయాలంటుంది. పాత సాక్ష్య చట్టంలో 65బి కింద ఉన్న నియమం ఇప్పుడు ఆ స్థానంలో ఉంది. కాబట్టి అసలు మెసేజ్‌లు, అసలు ఫోను, అసలు ఫైళ్ళు అన్నీ అలాగే ఉంచి న్యాయవాదిని కలవాలి.

విండోస్, ఆల్ట్, ప్రింట్ స్క్రీన్ మూడూ కలిపి నొక్కితే ఆటల కోసం విండోస్‌లో ఉన్న గేమ్ బార్ అనేది కదిలి, వాడుతున్న విండోను వీడియోస్‌లోని క్యాప్చర్స్ ఫోల్డర్‌లో దాస్తుంది. ఆటలు ఆడేవారికి పనికొస్తుంది. మిగతావారికి ఇంకో ఫోల్డర్ గుర్తుపెట్టుకునే భారం తప్ప లాభం లేదు.

తెలుగు అక్షరాలు చెదరకుండా

కీ సరిగ్గా ఎంచుకున్నా పంపే దారిలో బొమ్మ పాడవుతుంది. ఇది తెలుగువారు ప్రత్యేకంగా పట్టించుకోవాల్సిన విషయం. విండోస్, మ్యాక్ రెండూ స్క్రీన్‌షాట్‌ను పీఎన్‌జీ రకంలో దాస్తాయి. అందులో అక్షరాల అంచులు తెర మీద ఉన్నట్టే ఉంటాయి. వాట్సాప్‌లో మామూలు ఫొటోలా పంపితే అది సైజు తగ్గించి, జేపీజీగా కుదిస్తుంది. ఫొటోల్లో ఆ నష్టం కంటికి ఆనదు. అక్షరాల్లో ఆనుతుంది.

మన లిపిని దగ్గరగా చూడండి. ద, ధ మధ్య తేడా అడుగున ఒక చిన్న గీత. ప, వ మధ్య తేడా తలకట్టు అతుక్కుందా విడిగా ఉందా అన్నంతే. గుడికీ గుడిదీర్ఘానికీ మధ్య ఒక చిన్న మెలిక. "లక్ష్మి" అని రాస్తే ష, మ ఒత్తులు రెండూ అసలు అక్షరంలో సగం కొలతలో ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి. ఇంగ్లీషు అక్షరం కొంచెం మసకబారినా చదవగలం. అంతే మసకలో తెలుగు ఒత్తు ఒక చుక్కగా ముద్దకడుతుంది. భూమి రికార్డులో పట్టాదారు పేరు, ఊరి పేరు అలా ముద్దకడితే దాన్ని చూసి టైపు చేసేవారు తప్పు టైపు చేస్తారు, ఆ తప్పు దిద్దించుకోవడానికి కాళ్ళరిగేలా తిరగాలి.

అందుకని తెలుగు ఉన్న స్క్రీన్‌షాట్‌ను వాట్సాప్‌లో పంపేటప్పుడు జతచేసే గుర్తు నొక్కి "డాక్యుమెంట్" అన్నదాన్ని ఎంచుకుని ఫైలుగా పంపండి. ఈ సందర్భంలో ఫైలుగా దాచే కీయే మేలు, క్లిప్‌బోర్డ్ కంటే. మెయిల్లో జతచేసినా బొమ్మ చెదరదు. తీసే ముందు బ్రౌజర్లో కంట్రోల్ పట్టుకుని కూడిక గుర్తు రెండుసార్లు నొక్కి పేజీని పెద్దది చేసుకుంటే ఇంకా మంచిది. అక్షరం తెర మీద పెద్దదైతేనే బొమ్మలోనూ పెద్దదవుతుంది. తీశాక వేళ్ళతో సాగదీసినంత మాత్రాన లేని స్పష్టత రాదు.

తెరలో పట్టని పేజీ

ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌లో వెబ్ ఆప్షన్లు పెట్టినవారికి ఈ ఇబ్బంది తెలుసు. అరవై డెబ్భై కళాశాలలు, బ్రాంచీల వరుస ఒక తెరలో పట్టదు. ముక్కలుగా తీస్తే ఎక్కడో ఒక వరుస రెండుసార్లు వస్తుంది, ఒకటి జారిపోతుంది. పై కీలు ఏవీ ఇక్కడ సరైనవి కావు. పని బ్రౌజర్‌కే అప్పగించాలి.

ఫైర్‌ఫాక్స్‌లో, ఎడ్జ్‌లో కంట్రోల్, షిఫ్ట్, ఎస్ నొక్కితే వాటి సొంత స్క్రీన్‌షాట్ సదుపాయం తెరుచుకుంటుంది. పేజీ మొత్తం అన్నది ఎంచుకుంటే పై నుంచి చివరి దాకా ఒకే పొడవాటి బొమ్మ వస్తుంది. క్రోమ్‌లో కూడా ఉంది కానీ లోపల దాగి ఉంది: కంట్రోల్, షిఫ్ట్, ఐ నొక్కి డెవలపర్ పరికరాలు తెరవాలి, తర్వాత కంట్రోల్, షిఫ్ట్, పి నొక్కి, వచ్చిన పెట్టెలో స్క్రీన్‌షాట్ అని ఇంగ్లీషులో టైపు చేసి, పూర్తి కొలత అని ఉన్న వరుసను ఎంచుకోవాలి. రోజూ ఈ అవసరం ఉన్నవారు దీనికోసం ఫైర్‌ఫాక్స్ పెట్టుకోవడమే సుఖం. ఒక హెచ్చరిక: పేజీ లోపల మళ్ళీ సొంతంగా జరిగే చిన్న పెట్టె ఉంటే, ఆ పెట్టెలో కనిపిస్తున్నంతే బొమ్మలో వస్తుంది. తీశాక చివరి వరుస వచ్చిందో లేదో తెరిచి చూడాలి.

దీనికి గట్టి పోటీ కంట్రోల్, పి. ప్రింట్ పెట్టె తెరిచి ప్రింటర్ స్థానంలో పీడీఎఫ్‌గా సేవ్ చేయడం ఎంచుకుంటే పేజీ అంతా పుటలుగా విడిపోయి ఫైలవుతుంది. ఫీజు రసీదు, హాల్ టికెట్, రైలు టికెట్, నమోదు చేసిన ఆప్షన్ల వరుస వంటివి దాచడానికి స్క్రీన్‌షాట్ కంటే పీడీఎఫ్‌కే నా ఓటు. ముద్రించుకోవడానికి సిద్ధంగా ఉంటుంది, ఎంత పెద్దది చేసినా అక్షరం పగలదు, లోపలి సంఖ్యను కాపీ చేసుకోవచ్చు. ప్రింట్ పెట్టెలోని అదనపు ఎంపికల్లో శీర్షిక, అడుగు వరుసలు ఆన్ చేస్తే తేదీ, సైటు చిరునామా కూడా ప్రతి పుట మీద పడతాయి. కొన్ని సైట్లు ముద్రణలో చెల్లాచెదురవుతాయి, పట్టికలు విరిగిపోతాయి. అప్పుడే పూర్తి పేజీ స్క్రీన్‌షాట్‌కు వెళ్ళండి. దోష సందేశాలకు పీడీఎఫ్ అసలే వద్దు, అక్కడ కంటికి కనిపించింది కనిపించినట్టు పట్టుకోవాలి.

మ్యాక్ చేతిలో ఉంటే

ఈ ఒక్క విషయంలో మ్యాక్ పద్ధతి విండోస్ కంటే తేటగా ఉందని ఒప్పుకోవాలి. కమాండ్, షిఫ్ట్ పట్టుకుని 3 నొక్కితే తెర మొత్తం, 4 నొక్కితే లాగి ఎంచుకున్న భాగం. రెండూ డెస్క్‌టాప్ మీద ఫైలుగా చేరతాయి. అదే కలయికకు కంట్రోల్ కూడా చేరిస్తే ఫైలు బదులు క్లిప్‌బోర్డ్‌కు వెళుతుంది. దాచడమా పంపడమా అన్న తేడా ఒక్క వేలితో తేలిపోతుంది. మ్యాక్ వాడేవారికి నా సలహా కూడా ఆ లెక్కనే: దాచడానికి కమాండ్, షిఫ్ట్, 3. పంపడానికి కంట్రోల్ కలిపిన కమాండ్, షిఫ్ట్, 4.

ఆ 4 లోపల మరికొన్ని మెలకువలున్నాయి. నొక్కాక స్పేస్ బార్ తడితే గుర్తు కెమెరాగా మారుతుంది, ఏ విండో మీద నొక్కితే ఆ విండో వస్తుంది. అలా వచ్చిన బొమ్మ చుట్టూ మెత్తని నీడ ఉంటుంది. అది వద్దనుకుంటే ఆప్షన్ కీ పట్టుకుని నొక్కాలి. చతురస్రం లాగుతూ మధ్యలో స్పేస్ బార్ పట్టుకుంటే మొత్తం చతురస్రాన్నే పక్కకు జరపవచ్చు, మొదలుపెట్టిన మూల తప్పినప్పుడు మళ్ళీ మొదటికి రానక్కర్లేదు. వద్దనుకుంటే ఎస్కేప్. 2018లో వచ్చిన మ్యాక్ రూపం మొహావే నుంచి కమాండ్, షిఫ్ట్, 5 కూడా ఉంది. అది పట్టీ తెరిచి తెర వీడియో తీయడం, 5 లేదా 10 సెకన్ల ఆలస్యం, ఫైలు ఎక్కడ చేరాలి అన్నవి అడుగుతుంది. ఒకసారి దీన్ని తెరిచి ఫైళ్ళకు ప్రత్యేక ఫోల్డర్ చూపించండి, డెస్క్‌టాప్ నిండిపోకుండా ఉంటుంది. మ్యాక్ తెరల సాంద్రత ఎక్కువ కాబట్టి ఫైలు బరువు కూడా ఎక్కువే. సైజు పరిమితి ఉన్న దరఖాస్తు సైట్లలో ఎక్కించే ముందు మ్యాక్‌లోని ప్రివ్యూ యాప్‌లో కొలత తగ్గించుకోవాల్సి రావచ్చు.

లినక్స్‌లో, గ్నోమ్ అనే డెస్క్‌టాప్ వాడేవారికి 2022లో వచ్చిన దాని 42వ రూపం నుంచి ప్రింట్ స్క్రీన్ నొక్కితే ఎంపిక పెట్టె తెరుచుకుంటుంది, షిఫ్ట్‌తో కలిపితే తెర మొత్తం వెంటనే వస్తుంది. ఫైలుగానూ చేరుతుంది, క్లిప్‌బోర్డ్‌లోనూ ఉంటుంది. క్రోమ్‌బుక్‌లో పై వరుసలో విండోలన్నీ చూపే కీ ఉంటుంది. కంట్రోల్‌తో కలిపితే తెర మొత్తం, కంట్రోల్, షిఫ్ట్‌తో కలిపితే ఎంచుకున్న భాగం.

విడిగా యాప్ కావాలా అని అడిగేవారికి: రోజూ డజన్లకొద్దీ బొమ్మలు తీసి బాణాలు, అంకెలు వేసి శిక్షణ పుస్తకాలు తయారుచేసేవారికి విండోస్‌లో షేర్‌ఎక్స్, గ్రీన్‌షాట్ ఉచితంగా దొరుకుతాయి, బాగుంటాయి. మిగతావారికి అక్కర్లేదు. తీసిన బొమ్మను అడగకుండానే తమ సర్వర్‌లోకి ఎక్కించి లింకు ఇచ్చే యాప్‌ల జోలికి మాత్రం పోవద్దు. మీ జీతం చీటీ ఎవరికి కనిపిస్తుందో మీ చేతిలో ఉండదు.

పంపే ముందు ఒక చూపు

ఆధార్ సంఖ్య, ఖాతా సంఖ్య, ఫోను నంబరు ఉన్న బొమ్మ పంపేటప్పుడు వాటి మీద నిండు రంగు పెట్టె వేయండి. పెయింట్‌లో నింపిన చతురస్రం సరిపోతుంది. హైలైటర్‌తో నాలుగుసార్లు రుద్దితే కంటికి నల్లగా కనబడుతుంది కానీ వెలుగు పెంచితే కింది అంకెలు బయటపడతాయి. మసక చేయడం, గళ్ళు గళ్ళుగా చేయడం కూడా అంకెల విషయంలో నమ్మదగినవి కావు. ఆధార్‌కైతే చివరి నాలుగు అంకెలే చూపే మాస్క్‌డ్ ఆధార్‌ను అధికారిక సైటే ఇస్తుంది, దాన్నే వాడండి.

కత్తిరిస్తే పోయినట్టే అనుకోవడం కూడా ఎప్పుడూ నిజం కాలేదు. 2023 మార్చిలో బయటపడిన ఒక లోపం ఇందుకు ఉదాహరణ. పైన చెప్పిన కత్తిరింపు పట్టీ వెనుక ఉండే యాప్‌లైన విండోస్ 11 స్నిప్పింగ్ టూల్‌లోనూ, విండోస్ 10లోని స్నిప్ అండ్ స్కెచ్‌లోనూ సేవ్ అయి ఉన్న బొమ్మను కత్తిరించి అదే పేరుతో మళ్ళీ సేవ్ చేస్తే, కత్తిరించిన భాగం తాలూకు సమాచారం ఫైలు చివర అలాగే మిగిలిపోయేది. తెలిసినవారు దాన్ని కొంతవరకు తిరిగి రాబట్టగలిగేవారు. గూగుల్ పిక్సెల్ ఫోన్ల ఎడిటర్‌లోనూ ఇలాంటిదే ఉన్నట్టు అదే సమయంలో తేలింది. రెండు సంస్థలూ ఆ నెలలోనే సరిచేశాయి. అప్‌డేట్లు ఆపేసిన కంప్యూటర్‌లో మాత్రం పాత లోపం పాతగానే ఉంటుంది, దిద్దకముందు పంపిన ఫైళ్ళూ మారవు. మొదట్లోనే అవసరమైనంత భాగం మాత్రమే తీసుకోమని చెప్పడం వెనుక ఇది కూడా ఒక కారణం. తీయని భాగం ఎలా వెతికినా దొరకదు.

నొక్కినా ఏమీ కాకపోతే

చాలా ల్యాప్‌టాప్‌లలో ప్రింట్ స్క్రీన్ వేరే పనితో ఒకే కీని పంచుకుంటుంది. అలాంటప్పుడు ఎఫ్ఎన్ కీ కూడా కలిపి నొక్కాలి. ఆ కీయే లేని కొన్ని పరికరాల్లో ఎఫ్ఎన్, విండోస్, స్పేస్ బార్ కలయిక ఆ పని చేస్తుంది.

తెర మసకబారింది కానీ ఫోల్డర్‌లో ఫైలు లేదంటే మైక్రోసాఫ్ట్ క్లౌడ్ నిల్వ అయిన వన్‌డ్రైవ్‌లో చూడండి. పిక్చర్స్ ఫోల్డర్‌ను అది తన కిందికి తీసుకుని ఉంటే, స్క్రీన్‌షాట్స్ ఫోల్డర్ కూడా వన్‌డ్రైవ్ లోపలికి మారి ఉంటుంది. ఆఫీసు ఖాతాతో లాగిన్ అయిన కంప్యూటర్‌లో మీ సొంత బ్యాంకు పేజీ స్క్రీన్‌షాట్ అలా ఆఫీసు క్లౌడ్‌లోకి చేరగలదు. వద్దనుకుంటే వన్‌డ్రైవ్ సెట్టింగ్స్‌లో స్క్రీన్‌షాట్లు దాచే ఎంపికను, పిక్చర్స్ బ్యాకప్‌ను తీసేయండి.

సినిమాలు చూపించే యాప్‌లలో బొమ్మ స్థానంలో నల్లటి తెర వస్తే అది మీ కంప్యూటర్ తప్పు కాదు, కాపీ కాకుండా పెట్టిన రక్షణ. కీ నొక్కగానే మూసుకుపోయే మెనూను పట్టుకోవాలంటే స్నిప్పింగ్ టూల్ యాప్‌ను తెరిచి 3, 5 లేదా 10 సెకన్ల ఆలస్యం పెట్టండి. ఆ వ్యవధిలో మెనూ తెరిచి మౌస్ కదపకుండా ఉంటే సరిపోతుంది.